చిన్న కారు కొనుగోలు: ఆన్‌రోడ్ ధర నుంచి ఎక్స్‌టెండెడ్ వారంటీ దాకా

కారు మోడల్, రంగు ఖరారై, అడ్వాన్సు కట్టి, బ్యాంకు రుణం మంజూరైన తర్వాత, బిల్లు తయారయ్యే చివరి అరగంటలో షోరూమ్ వారు ఒక కాగితం ముందుకు జరుపుతారు. ఎక్స్‌టెండెడ్ వారంటీ, రోడ్‌సైడ్ అసిస్టెన్స్, టెఫ్లాన్ కోటింగ్, అండర్‌బాడీ కోటింగ్ అన్నీ ఆ కాగితం మీద ఒకే వరసలో ఉంటాయి. లక్షలు పెట్టి కారు కొంటున్న మనిషికి ఆ సమయంలో పదీ పన్నెండు వేలు పెద్ద మొత్తంగా కనిపించవు కాబట్టి, కొందరు చదవకుండానే సంతకం పెడతారు, మరికొందరు ఇదంతా డబ్బు గుంజే వ్యవహారమని చదవకుండానే తోసిపుచ్చుతారు. ఈ రెండు పనులూ తప్పే. వారంటీని ఎన్నేళ్లకు పొడిగించాలి, అసలు పొడిగించాలా వద్దా అన్నది కారు ఎంపికతో పాటే, మొదటి రోజునే ఆలోచించుకోవలసిన విషయం. ఎందుకంటే ఆ నిర్ణయానికి కావలసిన లెక్కలే సరైన కారును ఎంచుకోవడానికి కూడా కావాలి.

మొదట తేల్చుకోవలసిన రెండు అంకెలు

షోరూమ్‌కు వెళ్లకముందే ఇంట్లో కూర్చుని ఏడాదికి ఎన్ని కిలోమీటర్లు తిరుగుతాం, ఈ కారును ఎన్నేళ్లు ఉంచుకుంటాం అన్న రెండు అంకెలు కాగితం మీద రాసుకోవాలి. ఉప్పల్‌లో ఉంటూ గచ్చిబౌలిలో ఉద్యోగం చేసే వ్యక్తి రోజూ కారులోనే వెళ్లివస్తే రానుపోను 60 కిలోమీటర్ల దాకా అవుతుంది. ఏడాదికి 250 పనిదినాలు అనుకుంటే 15,000, సంక్రాంతికి సొంతూరు, పెళ్లిళ్లు, తిరుపతి ప్రయాణం కలిపి మరో 4,000 వేసుకుంటే మొత్తం 19,000 కిలోమీటర్లు. తెనాలిలో ఉండే ఒక విశ్రాంత ఉపాధ్యాయుడికి ఆసుపత్రికి, గుడికి, అప్పుడప్పుడు గుంటూరుకు, విజయవాడకు వెళ్లడమే ప్రయాణం. ఆయనకు ఏడాదికి 3,000 దాటదు. ఈ ఇద్దరికీ ఒకే కారు నప్పదు, ఒకే వారంటీ కూడా నప్పదు.

రెండో అంకె విషయంలో చాలామంది తమకు తామే సరైన జవాబు చెప్పుకోరు. పదేళ్లు వాడతామని కొని నాలుగో ఏట పెద్ద కారుకు మారేవారు ఎందరో ఉన్నారు. ఇంతకుముందు కొన్న బండిని, ఫ్రిజ్‌ను, ఫోన్‌ను ఎన్నేళ్లు వాడారో ఒకసారి గుర్తు చేసుకుంటే మీ అలవాటు మీకే తెలుస్తుంది.

ఏ కారు

చిన్న కారు అన్న మాటకు మన దేశంలో పన్నుల చట్టం దృష్టిలో స్పష్టమైన కొలత ఉంది. పొడవు 4 మీటర్లు మించకూడదు. ఇంజిన్ పెట్రోలు, సీఎన్‌జీ రకాల్లో 1200 సీసీ, డీజిల్‌లో 1500 సీసీ దాటకూడదు. ఈ కొలతలో ఇమిడే కార్లపై 2025 సెప్టెంబరు 22 నుంచి జీఎస్టీ 18 శాతమే. అంతకుముందు పెట్రోలు చిన్న కార్లపై 28 శాతం జీఎస్టీ, దాని మీద 1 శాతం సెస్సు ఉండేవి. ఆ తేడా పూర్తిగా కొనేవారికి చేరితే ఎక్స్‌షోరూమ్ ధర, అంటే లైఫ్ ట్యాక్స్, రిజిస్ట్రేషన్, బీమా కలపకముందు ఉండే ధర, సుమారు ఎనిమిదిన్నర శాతం తగ్గుతుంది. కాబట్టి మీ స్నేహితుడు 2024లో ఎంతకు కొన్నారో అదే ధరను ఆధారంగా పెట్టుకుని బేరం మొదలుపెట్టకూడదు.

మారుతీ ఆల్టో కే10, సెలేరియో, వ్యాగన్ ఆర్, స్విఫ్ట్, బాలెనో, హ్యుందాయ్ గ్రాండ్ ఐ10 నియోస్, టాటా టియాగో, రెనో క్విడ్ వంటివన్నీ ఈ తరగతిలోనివే. టొయోటా గ్లాంజా అంటే బాలెనోకే మరో బ్యాడ్జి, కారు ఒకటే, కంపెనీ పేరు మాత్రం వేరు. ఇలాంటి జంటల్లో కారును పక్కన పెట్టి వారంటీ నిబంధనలను, మీ ఊళ్లో సర్వీస్ సెంటర్ ఎంత దగ్గరగా ఉందో దాన్ని పోల్చుకోవడం ఉత్తమం. మండల కేంద్రంలో ఉండేవారికి ఇది మరీ ముఖ్యం. అధీకృత వర్క్‌షాపు 80 కిలోమీటర్ల దూరంలో ఉంటే ఎంత గొప్ప వారంటీ అయినా ఏడాదికోసారి ఒక పనిదినాన్ని మింగేస్తుంది.

భద్రత విషయంలో రాజీ పడవద్దని గట్టిగా చెబుతాను. 2023లో కార్లను ఢీకొట్టించి ఐదు నక్షత్రాలకు గాను మార్కులు వేసే గ్లోబల్ ఎన్‌క్యాప్ పరీక్షల్లో పెద్దల రక్షణకు ఆల్టో కే10కు రెండు నక్షత్రాలు, వ్యాగన్ ఆర్‌కు ఒకటి మాత్రమే వచ్చాయి. ఆ తర్వాత 2025లో ఈ రెండింటిలోనూ అన్ని వేరియంట్లకు ఆరు ఎయిర్‌బ్యాగులు వచ్చాయి. ఎయిర్‌బ్యాగుల సంఖ్య ఒక్కటే చాలదు, బాడీ నిర్మాణం కూడా గట్టిగా ఉండాలి. మన దేశానికే చెందిన భారత్ ఎన్‌క్యాప్ 2023 అక్టోబరు నుంచి అమల్లో ఉంది కాబట్టి, మీరు చూస్తున్న మోడల్‌కు ఎన్ని నక్షత్రాలు వచ్చాయో, ఏ సంవత్సరపు కారును పరీక్షించారో చూసుకుని ముందుకు వెళ్లాలి.

టెస్ట్ డ్రైవ్‌కు ఒంటరిగా వెళ్లవద్దు. ఇంట్లో నలుగురినీ ఎక్కించి, ఏసీ పూర్తిగా పెట్టి, ఒక ఫ్లైఓవర్ ఎక్కించి చూడాలి. షోరూమ్ ముందు ఖాళీ రోడ్డు మీద ఒకరే నడిపినప్పుడు ప్రతి చిన్న కారూ చురుగ్గానే ఉంటుంది. సీఎన్‌జీ తీసుకునేవారు డిక్కీ తెరిచి, సిలిండర్ పోగా మిగిలిన చోటులో ఊరికి వెళ్లేటప్పుడు పట్టుకెళ్లే బియ్యం బస్తా, సూట్‌కేసులు పడతాయో లేదో చూసుకోవాలి. ఏడాదికి 3,000 కిలోమీటర్లు తిరిగేవారికి సీఎన్‌జీ కోసం కట్టిన అదనపు ధర తిరిగి రాదు. 19,000 తిరిగే వారికి మాత్రం కొన్నేళ్లలోనే వస్తుంది.

ఆన్‌రోడ్ ధరలో ఏముంది

కొటేషన్‌ను మొత్తంగా తీసుకోకుండా వరసవారీగా రాయించుకోవాలి. ఎక్స్‌షోరూమ్ ధర, లైఫ్ ట్యాక్స్, రిజిస్ట్రేషన్ రుసుము, బీమా, ఫాస్టాగ్, ఆ తర్వాత యాక్సెసరీలు, హ్యాండ్లింగ్ ఛార్జీలు వేర్వేరు వరసల్లో ఉండాలి. లైఫ్ ట్యాక్స్ రాష్ట్ర ప్రభుత్వానిది, అందులో బేరం లేదు. తెలంగాణలో 5 లక్షల లోపు కార్లకు 13 శాతం, 5 నుంచి 10 లక్షల మధ్య ఉన్నవాటికి 14 శాతం పడుతుంది. మీ పేరున ఇప్పటికే ఒక కారు ఉంటే రెండోదానికి పన్ను ఎక్కువ కట్టవలసి వస్తుంది కాబట్టి ఎవరి పేరున కొనాలన్నది ముందే ఆలోచించుకోవాలి. హ్యాండ్లింగ్ లేదా లాజిస్టిక్స్ ఛార్జీల పేరుతో వేసే మొత్తం ప్రభుత్వానికి వెళ్లేది కాదు. ఆ వరసను కొట్టివేయమని నిస్సంకోచంగా అడగవచ్చు.

బీమా దగ్గర ఎక్కువ డబ్బు మిగులుతుంది. కొత్త కారుకు మూడేళ్ల థర్డ్ పార్టీ బీమా, అంటే మన కారు వల్ల ఇతరులకు జరిగే నష్టానికి తీసుకునే బీమా, 2018 సెప్టెంబరు నుంచి తప్పనిసరి. దాని ప్రీమియాన్ని ప్రభుత్వమే నిర్ణయిస్తుంది కాబట్టి ఎక్కడ తీసుకున్నా ఒకటే. 2022 జూన్‌లో అమల్లోకి వచ్చిన ధరల ప్రకారం 1000 సీసీ లోపు కారుకు మూడేళ్లకు 6,521 రూపాయలు, 1000 నుంచి 1500 సీసీ మధ్య కారుకు 10,640 రూపాయలు, వాటి మీద జీఎస్టీ. బేరం ఆడవలసింది సొంత నష్టానికి సంబంధించిన భాగంలోనే. షోరూమ్‌లోనే బీమా తీసుకోవాలన్న నిబంధన ఏదీ లేదు. బయట రెండు కంపెనీల నుంచి అదే ఐడీవీకి (బీమాలో కారుకు కట్టే విలువ), అవే యాడ్‌ఆన్‌లకు (అదనంగా డబ్బు కట్టి తీసుకునే రక్షణలు) కొటేషన్లు తీసుకుని షోరూమ్ వారి ముందు పెడితే, చాలా సందర్భాల్లో వారే తమ ధరను తగ్గిస్తారు.

కొనే కాలం కూడా లెక్కలోకి వస్తుంది. ఆషాఢంలో కొత్త బండి ఇంటికి తెచ్చుకోవడానికి మనవాళ్లు ఇష్టపడరు కాబట్టి ఆ నెలలో ఆఫర్లు బాగుంటాయి. ఆషాఢంలో బేరం కుదుర్చుకుని, ధరను రాతపూర్వకంగా ఖాయం చేయించుకుని, శ్రావణంలో డెలివరీ తీసుకోవడం నాకు తెలిసిన మంచి పద్ధతి. డిసెంబరులో ఇచ్చే తగ్గింపుల్లో మాత్రం ఒక మెలిక ఉంది. జనవరి నాటికి ఆ కారు గత సంవత్సరపు తయారీ అయిపోతుంది. అమ్మేటప్పుడు ఆ ఒక్క ఏడాది తేడా ధరలో కనిపిస్తుంది. పదేళ్లు ఉంచుకునేవారికి ఇది పెద్ద విషయం కాదు, నాలుగేళ్లలో అమ్మేవారికి మాత్రం వచ్చిన తగ్గింపులో చాలా భాగం అక్కడ పోతుంది.

రుణం గురించి ఒక్క లెక్క చెబుతాను. 5 లక్షలు 9 శాతం వడ్డీకి తీసుకుంటే ఐదేళ్లకు నెలవాయిదా సుమారు 10,380 రూపాయలు, ఏడేళ్లకు 8,045. వాయిదా తగ్గినట్టు కనిపించినా ఏడేళ్లలో కట్టే వడ్డీ దాదాపు 53,000 రూపాయలు ఎక్కువ. ఈ లెక్క వారంటీకి కూడా వర్తిస్తుంది. "సార్, ఈఎంఐలో రెండు వందలే తేడా" అంటూ 12,000 రూపాయల వారంటీని ఏడేళ్ల రుణంలో కలిపితే దానికి మీరు కట్టేది 16,200 పైచిలుకు అవుతుంది. వారంటీ కొనదలిస్తే చేతి డబ్బుతోనే కొనాలి.

వారంటీ ఏది, బీమా ఏది

ఈ తేడా స్పష్టంగా తెలియకపోవడం వల్లనే వారంటీపై సగం తగాదాలు పుడతాయని నా అభిప్రాయం. తయారీలో ఉన్న లోపం వల్ల కారు తనంతట తాను చెడిపోతే అది వారంటీ కిందికి వస్తుంది. బయటి నుంచి దెబ్బ తగిలితే అది బీమా వ్యవహారం. సరిగా వాడిన బండిలో ఆల్టర్నేటర్ పనిచేయడం మానేస్తే కంపెనీ మార్చి ఇవ్వాలి. అదే ఆల్టర్నేటర్ వరద నీటిలో మునిగి చెడితే కంపెనీకి సంబంధం లేదు.

2020 అక్టోబరులో హైదరాబాద్‌లో, 2024 సెప్టెంబరులో బుడమేరు పొంగినప్పుడు విజయవాడలో ఎన్నో కార్లు నీట మునిగాయి. నీటిలో నిలిచిన కారును స్టార్ట్ చేస్తే సిలిండర్లలోకి నీరు చేరి, పిస్టన్ కదలలేక, కనెక్టింగ్ రాడ్ వంగిపోతుంది. ఈ నష్టానికి ఎక్స్‌టెండెడ్ వారంటీ ఎన్నేళ్లకు తీసుకున్నా పైసా రాదు. మామూలు సమగ్ర బీమాలో కూడా ఇది తిరస్కరణకు గురయ్యే రకమే. ఇంజిన్ ప్రొటెక్షన్ అనే యాడ్‌ఆన్ ఉండాలి. లోతట్టు కాలనీల్లో ఉండేవారి దగ్గర కొన్ని వేలే మిగిలి ఉంటే, ముందు ఈ యాడ్‌ఆన్, జీరో డిప్రిసియేషన్ తీసుకుని, ఆ తర్వాతే వారంటీ గురించి ఆలోచించమంటాను. జీరో డిప్రిసియేషన్ లేకపోతే బంపర్ వంటి ప్లాస్టిక్, రబ్బరు భాగాలకు బీమా కంపెనీ సగం ధరే ఇస్తుంది.

ఎలుకలు వైరింగ్ కొరికేయడం మన ఊళ్లలో మామూలు విషయం. ఇది కూడా వారంటీ కిందికి రాదు. బీమా పాలసీలో దీనికి వీలుందో లేదో తీసుకునేటప్పుడే అడగాలి.

వారంటీలో ఏవి రావు

అరిగిపోయే భాగాలు ఏ వారంటీలోనూ ఉండవు. క్లచ్ ప్లేటు, బ్రేక్ ప్యాడ్లు, వైపర్ బ్లేడ్లు, బల్బులు, ఫిల్టర్లు, ఆయిళ్లు, సీటు గుడ్డలు ఇలా అరిగిపోయే భాగాలే. టైర్లకు, బ్యాటరీకి వాటిని తయారు చేసిన కంపెనీల వారంటీ విడిగా ఉంటుంది. ఏఎంటీ గేరుబాక్సు, అంటే క్లచ్ పెడల్ లేకుండా తనంతట తానే గేర్లు మార్చుకునే గేరుబాక్సు, ఉన్న కారు కొనేవారు ఒక సూక్ష్మం గమనించాలి. అందులో క్లచ్‌ను నొక్కే యాక్చుయేటర్ మామూలుగా వారంటీలో ఉంటుంది, అది నొక్కే క్లచ్ ప్లేటు మాత్రం ఉండదు.

ఇక వారంటీని చేతులారా పోగొట్టుకునే మార్గాలు ఉన్నాయి. బయటి దుకాణంలో మ్యూజిక్ సిస్టమ్, పెద్ద హారన్, అదనపు లైట్లు పెట్టించి వైర్లు కత్తిరిస్తే విద్యుత్ భాగాల క్లెయిములన్నీ వివాదంలో పడతాయి. పెట్రోలు కారుకు బయట సీఎన్‌జీ కిట్ పెట్టిస్తే ఇంజిన్ వారంటీ మీద ఆశ వదులుకోవాలి. టెంపరేచర్ హెచ్చరిక దీపం వెలిగినా "ఇంకో పది కిలోమీటర్లేగా" అని నడిపి ఇంజిన్ పట్టేస్తే, మొదట లీకైన పైపు లోపభూయిష్టమైనదే అయినా, ఆ తర్వాత జరిగిన నష్టాన్ని డ్రైవర్ నిర్లక్ష్యం కింద రాస్తారు. వైట్ ప్లేటుతో కొన్న కారును అద్దెకు తిప్పినా అదే పరిస్థితి.

అన్నింటికంటే ఎక్కువమంది దెబ్బతినేది సర్వీసు తేదీల దగ్గర. చిన్న కార్లకు సాధారణంగా 10,000 కిలోమీటర్లు లేదా ఒక ఏడాది, ఏది ముందైతే అది సర్వీసు గడువు. ఎక్కువ తిరిగేవారు ఈ గడువును మర్చిపోరు, మీటరే గుర్తు చేస్తుంది. తక్కువ తిరిగేవారే మర్చిపోతారు. మా పెదనాన్న తెనాలిలో ఉపాధ్యాయుడిగా పదవీ విరమణ చేసి ఒక చిన్న కారు కొన్నారు, ఐదేళ్ల వరకు వారంటీని కూడా పొడిగించుకున్నారు. "బండి నడిచిందే మూడు వేలు, దానికి సర్వీసు ఏమిట్రా" అంటూ మూడో ఏడాది సర్వీసు వదిలేశారు. ఐదో ఏట వేసవిలో ఏసీ కంప్రెసర్ పోయింది. సర్వీసు చరిత్రలో ఒక ఏడాది ఖాళీగా ఉందన్న కారణం చూపి వర్క్‌షాపు వారు క్లెయిమును తిరస్కరించారు. కాగితం ప్రకారం వారి మాట నిజమే. అయినా, వారంటీ అమ్మేటప్పుడు ఎన్నోసార్లు ఫోన్ చేసినవారు ఆ సర్వీసు గడువు గుర్తు చేయడానికి ఒక్కసారి చేసి ఉంటే ఆయనకు ఆ నష్టం ఉండేది కాదన్న బాధ నాకు ఇప్పటికీ ఉంది. ఇంట్లో పెద్దవారి కారు ఉంటే దాని సర్వీసు తేదీని మీ ఫోన్‌లో పెట్టుకోండి.

ఎక్స్‌టెండెడ్ వారంటీని తూచడం

మొదట, కారుతో పాటు ఉచితంగా వచ్చే వారంటీ ఎంతో చూడాలి. మారుతీ సుజుకీ 2024 జూలై 9 నుంచి డెలివరీ ఇచ్చే కార్లకు దీన్ని 2 ఏళ్లు లేదా 40,000 కిలోమీటర్ల నుంచి 3 ఏళ్లు లేదా 1,00,000 కిలోమీటర్లకు పెంచింది. దానిపై డబ్బు కట్టి 4 ఏళ్లు లేదా 1,20,000, 5 ఏళ్లు లేదా 1,40,000, 6 ఏళ్లు లేదా 1,60,000 కిలోమీటర్ల వరకు పొడిగించుకునే ప్యాకేజీలు ప్రకటించింది. హ్యుందాయ్ చిన్న కార్లకు కిలోమీటర్ల పరిమితి లేని మూడేళ్ల వారంటీ ఇస్తుంది. ఏడాదికి 3,000 తిరిగేవారికి కిలోమీటర్ల పరిమితి లేకపోవడం వల్ల ఒరిగేదేమీ లేదు, వారికి ఏళ్లే ముఖ్యం. ఏడాదికి 40,000 తిరిగేవారికి లక్ష కిలోమీటర్ల వారంటీ రెండున్నరేళ్లకే అయిపోతుంది, వారికి కిలోమీటర్లే ముఖ్యం. మనం మొదట రాసుకున్న రెండు అంకెలు ఇక్కడ పనికొస్తాయి.

ఇప్పుడు అసలు ఖర్చు లెక్కకట్టాలి. 4, 5, 6 సంవత్సరాలకు కలిపి షోరూమ్ వారు 12,000 రూపాయలు చెప్పారనుకుందాం. అందులో 18 శాతం జీఎస్టీ కలిసి ఉందో, బిల్లులో విడిగా పడుతుందో ముందు అడగాలి. కానీ ఈ 12,000తో ఖర్చు ఆగదు. వారంటీ నిలవాలంటే ఆ మూడేళ్లూ సర్వీసు అధీకృత వర్క్‌షాపులోనే చేయించాలి. మీకు తెలిసిన మెకానిక్ దగ్గర అయ్యే ఖర్చుకు, అక్కడి ఖర్చుకు ఏడాదికి 3,000 తేడా ఉందనుకుంటే మూడేళ్లకు మరో 9,000. అంటే ఆ వారంటీ అసలు ధర 21,000. మొదటి నుంచీ అధీకృత వర్క్‌షాపుకే వెళ్లే అలవాటున్న వారికి మాత్రం అది 12,000గానే ఉంటుంది. అమ్మేవారు ఈ రెండో భాగాన్ని ఎప్పుడూ ప్రస్తావించరు, కొనేవారికి అప్పటికి తట్టదు.

ఆ తర్వాత, నాలుగు నుంచి ఆరేళ్ల మధ్య చెడిపోగల, వారంటీలో వచ్చే ఖరీదైన భాగాలు మీ కారులో ఎన్ని ఉన్నాయో చూడాలి. ఏసీ కంప్రెసర్, ఎలక్ట్రిక్ పవర్ స్టీరింగ్, ఇంజిన్ కంట్రోల్ యూనిట్, ఆల్టర్నేటర్, ఏఎంటీ యాక్చుయేటర్, టచ్‌స్క్రీన్ ఇందులో ముఖ్యమైనవి. వీటిలో ఒకటి మార్చినా బిల్లు పది వేలు దాటడం మామూలే. ఇవన్నీ ఉన్న టాప్ వేరియంట్ ఆటోమేటిక్ కారుకు, టచ్‌స్క్రీన్ కూడా లేని బేస్ వేరియంట్ మాన్యువల్ కారుకు వారంటీ అవసరం ఒకటే కాదు.

నా అంచనా ఇది. ఆరేడేళ్లు ఉంచుకునే ఉద్దేశంతో ఆటోమేటిక్ లేదా ఎలక్ట్రానిక్స్ ఎక్కువగా ఉన్న వేరియంట్ కొంటున్నవారు, అధీకృత వర్క్‌షాపు దగ్గర్లో ఉన్నవారు, ఒక్కసారిగా ఇరవై వేల బిల్లు వస్తే నెల బడ్జెట్ తలకిందులయ్యేవారు అన్నింటికంటే పొడవైన ప్యాకేజీని తీసుకోవడం మంచిది. నాలుగో ఏడాదికి మాత్రమే పొడిగించే ప్యాకేజీని నేను ఎవరికీ సూచించను. బాగా చూసుకున్న కారులో నాలుగో ఏట పెద్ద భాగాలు పోవడం అరుదు, ఇబ్బందులు మొదలయ్యేది ఆ తర్వాతే. నాలుగేళ్లలో అమ్మేసేవారు, బేస్ మాన్యువల్ వేరియంట్ కొని నమ్మకమైన మెకానిక్ చేతిలో పెట్టేవారు ఆ డబ్బును బ్యాంకులో విడిగా ఒక రికరింగ్ డిపాజిట్‌లో వేసుకోవచ్చు. కారు చెడకపోతే ఆ డబ్బు మీదే. మొదట చెప్పుకున్న ఉప్పల్ ఉద్యోగికి ఆరేళ్లలో 1,14,000 కిలోమీటర్లు అవుతాయి, 1,60,000 పరిమితిలో హాయిగా సరిపోతాయి. తెనాలి మాస్టారికి ఆరేళ్లలో 18,000 కిలోమీటర్లే అవుతాయి. కానీ కదలకుండా నిలిపి ఉంచిన కారులో రబ్బరు సీళ్లు ఎండిపోవడం, ఏసీ గ్యాస్ లీకవడం ఎక్కువ. ఏటా సర్వీసు చేయిస్తానన్న మాట మీద నిలబడగలిగితేనే ఆయన వారంటీ కొనాలి.

వారంటీ ఎవరిదన్నది మరో ముఖ్యమైన ప్రశ్న. కారు తయారు చేసిన కంపెనీ ఇచ్చే ఎక్స్‌టెండెడ్ వారంటీ వేరు, డీలరు తన పేరు మీద లేదా మరో సంస్థ ద్వారా అమ్మే వారంటీ వేరు. హైదరాబాద్‌లో కొని బదిలీపై బెంగళూరుకో చెన్నైకో వెళ్లేవారికి దేశంలోని ఏ అధీకృత వర్క్‌షాపులోనైనా చెల్లే కంపెనీ వారంటీయే పనికొస్తుంది. ఒప్పంద పత్రం ఎలా రాశారో కూడా చూడాలి. "ఈ భాగాలు తప్ప మిగిలినవన్నీ వర్తిస్తాయి" అని రాసి ఉంటే అది కొనేవారికి అనుకూలమైన పత్రం. "ఈ కింది భాగాలకు మాత్రమే వర్తిస్తుంది" అని ఉంటే, ఆ జాబితాలో లేని ప్రతిదీ మీ జేబు మీద పడుతుంది. క్లెయిముకు గరిష్ఠ మొత్తం ఏదైనా పెట్టారా, భాగాలతో పాటు లేబర్ ఛార్జీ కూడా వస్తుందా, కారు అమ్మితే కొత్త యజమానికి బదిలీ అవుతుందా అన్నవి కూడా ఆ పత్రంలోనే వెతకాలి. నోటి మాట లెక్కలోకి రాదు. షోరూమ్ వారు "అన్నీ కవర్ అవుతాయి సార్" అంటే ఆ మాటనే వాట్సాప్‌లో రాసి పంపమని అడగండి.

డెలివరీ రోజే కొనాలన్న తొందర కూడా అవసరం లేదు. ఉచిత వారంటీ ముగియకముందు ఎక్స్‌టెండెడ్ వారంటీ తీసుకునే వీలును కంపెనీలు సాధారణంగా ఇస్తాయి. ఆలస్యమైన కొద్దీ ధర పెరుగుతుంది, కొన్ని సందర్భాల్లో కారును పరీక్షించాకే ఇస్తారు. ఏ తేదీ దాటితే ధర ఎంత పెరుగుతుందో ముందే రాయించుకుంటే, కొన్ని నెలలు కారు తీరు చూసి నిర్ణయించుకోవచ్చు. బేరానికి కూడా ఇది అక్కరకు వస్తుంది. నగదు తగ్గింపు ఇక ఇవ్వలేమన్న డీలరు యాక్సెసరీల బదులు వారంటీ ఇవ్వడానికి ఒప్పుకోవచ్చు. సీటు కవర్లు, ఫ్లోర్ మ్యాట్ల కన్నా ఇది ఎన్నో రెట్లు మేలు.

డెలివరీ నాడు, ఆ తర్వాత

దసరా, ధనత్రయోదశి రోజుల్లో షోరూమ్‌లో వరసగా డెలివరీలు ఉంటాయి, ఎవరికీ తీరిక ఉండదు. ముహూర్తం ఆ రోజే ఉంటే, కారు తనిఖీని మాత్రం అంతకు ఒకటి రెండు రోజుల ముందు పగటి వెలుగులో పూర్తి చేసుకోవాలి. మీటరులో కిలోమీటర్లు, పెయింటు, అద్దాలు, స్పేర్ టైరు చూడాలి. టైరు పక్కభాగంలో నాలుగంకెల తయారీ సంకేతం ఉంటుంది. 2325 అని ఉంటే 2025లో 23వ వారంలో తయారైందని అర్థం. ఐదు టైర్ల మీదా ఈ అంకెలు దగ్గర దగ్గరగా ఉండాలి. తనిఖీలో ఏది తేడాగా కనిపించినా రిజిస్ట్రేషన్ కాకముందే చెప్పాలి, అయిన తర్వాత కారు మార్చి ఇవ్వడానికి ఎవరూ ఒప్పుకోరు.

కాగితాల్లో వారంటీ సర్టిఫికెట్‌ను ప్రత్యేకంగా అడిగి తీసుకోవాలి. దాని మీద ఛాసిస్ నంబరు, మొదలయ్యే తేదీ, ముగిసే తేదీ, కిలోమీటర్లు సరిగ్గా ఉన్నాయో చూసి, కంపెనీ యాప్‌లోనూ అవే కనిపిస్తున్నాయో ఆ వారంలోనే సరిచూసుకోవాలి. డబ్బు కట్టించుకుని కంపెనీ రికార్డులో నమోదు చేయకపోవడం వంటి పొరపాట్లు మూడేళ్ల తర్వాత బయటపడితే వాటిని సరిచేయించుకోవడం చాలా కష్టం.

ప్రతి సర్వీసుకు జాబ్ కార్డు, బిల్లు దాచుకోవాలి. క్లెయిమును తిరస్కరిస్తే ఏ నిబంధన ప్రకారం తిరస్కరించారో రాతపూర్వకంగా ఇవ్వమని అడగాలి. ఒక్కోసారి ఆ ఒక్క కోరికతోనే వర్క్‌షాపు మేనేజరు ఫైలును మళ్లీ తెరుస్తారు. తేలకపోతే కంపెనీ ప్రాంతీయ కార్యాలయానికి ఈమెయిల్ పంపాలి, ఆ తర్వాత జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కు ఫోన్ చేయాలి. అప్పటికీ న్యాయం జరగకపోతే 2019 వినియోగదారుల రక్షణ చట్టం కింద జిల్లా కమిషన్‌కు వెళ్లవచ్చు. చెల్లించిన మొత్తం 50 లక్షలు మించని వ్యవహారాలను ఆ కమిషనే వింటుంది. వివాదం తలెత్తిన రెండేళ్ల లోపు ఫిర్యాదు చేయాలి.

ఉచిత వారంటీ అయినా, కొన్న వారంటీ అయినా, అది ముగిసే తేదీకి నెల ముందు కారును ఒకసారి వర్క్‌షాపుకు తీసుకువెళ్లాలి. స్టీరింగ్‌లో వచ్చే చిన్న శబ్దం, ఎండలో సరిగా చల్లబడని ఏసీ, అప్పుడప్పుడు ఆగిపోయే టచ్‌స్క్రీన్, ఇలా ఇన్నాళ్లూ సర్దుకుపోయినవన్నీ చెప్పి, ప్రతి ఫిర్యాదునూ జాబ్ కార్డులో మీ మాటల్లోనే రాయించాలి. "చెక్ చేశాం, ఓకే" అని తిరిగి ఇచ్చినా ఆ కాగితాన్ని భద్రపరచాలి. గడువు ముగిశాక అదే భాగం పూర్తిగా చెడిపోతే, లోపం వారంటీ ఉండగానే మొదలైందని చూపడానికి మీ చేతిలో ఉండే ఆధారం అదే.